చీనీ తోటలో గాలిమర: రెండు ఆషాఢాలు చూశాక

ఊళ్లో ఎవరి మోటారు కాలినా నా దగ్గరికే తెస్తారు. ఉరవకొండలో ఇరవై ఆరేళ్లుగా మోటార్లు కట్టే అంగడి నాది. సబ్‌మెర్సిబుల్, మోనోబ్లాక్, పిండిమిల్లు మోటారు, ఏదైనా సరే విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్తది చుట్టి ఇస్తా. అట్లాంటివాడు తోటలో గాలిమరకు సొంతంగా చేసుకున్న జనరేటరే మొదటి ఆషాఢంలో మాడిపోయిందంటే జనం నవ్వరా? నవ్వారు. ఇప్పుడు రెండో ఆషాఢం కూడా దాటింది. మర ఇంకా తిరుగుతోంది. నవ్వినవాళ్లలోనే ఇద్దరు వచ్చి "మాకూ ఒకటి చేసిస్తావా" అని అడిగారు. వాళ్లకు నోటితో చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందే చెప్పాలి, ఇది కొన్న మర కాదు. స్కాట్లాండులో హ్యూ పిగ్గాట్ అని ఒకాయన ఉన్నాడు. అక్కడి వాయవ్య తీరంలో స్కోరెగ్ అనే చోట 1970ల నుంచి ఆయన కాపురం. ఆ ఊరికి రోడ్డు లేదు. పడవెక్కి పోవాలి, లేదంటే కొండ పక్కన కాలిబాటన నడిచిపోవాలి. కరెంటు లైనూ పోలేదు. కావలసింది చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకోవాలని తుక్కు సామానుతో మరలు చేయడం మొదలుపెట్టాడు. ఒక దశలో పాత బండ్ల బ్రేకు డ్రమ్ముల్లోనే జనరేటరు కట్టేవాడట. తర్వాత ఆ పద్ధతిని ఏళ్ల తరబడి మార్చుకుంటూ వచ్చి, వంట చెప్పినట్టు కొలతలతో సహా రాసిపెట్టాడు. పుదుచ్చేరి దగ్గరున్న మన ఆరోవిల్‌లో కూడా ఆ కొలతలతో మరలు కట్టారు. గ్లాస్గోలో చదువుకునే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కాగితాలు నా ముందు పెట్టి, "మామా, ఇందులో సగం పని నువ్వు రోజూ చేసేదే" అన్నాడు. చూస్తే నిజమే. మిగతా సగం వడ్రంగం, వెల్డింగు.

నా అవసరం చిన్నది. తోటలో నాలుగెకరాల చీనీ (బత్తాయి), దాని పక్కన ఎకరన్నర శనక్కాయ. బోరుకు పగలు తొమ్మిది గంటలు త్రీఫేజు వస్తుంది, దాంతో బాధ లేదు. రాత్రయితే షెడ్డు చీకటి. శనక్కాయ ఊడలు దిగిన దగ్గర్నుంచి అడవి పందులు మొదలు. ఒక్క రాత్రి ఆదమరిచి పడుకుంటే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు దున్నేసి పోతాయి. నాలుగు ఫోకస్ లైట్లు, ఒక ఫ్యాను, ఫోను చార్జింగు, ఇంత చాలు. సోలారు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాను కూడా, ఆ సంగతి చివర్లో చెప్తా. మా వైపు ఆషాఢం వచ్చిందంటే మబ్బు కమ్ముకుని ఉంటుంది, చుక్క వాన రాదు, గాలి మాత్రం మనిషిని నిలబడనివ్వదు. ఈ గాలి కోసమే రామగిరి కొండల మీద 1990ల్లోనే పెద్ద మరలు పెట్టారు, ఇప్పుడు మా ఉరవకొండ చుట్టూ ఎటు చూసినా అవే. వాటి నీడలో ఉండి నా తోటలో దీపం లేదంటే నాకే ఎట్లాగో ఉండేది.

నేను చేసింది 2.4 మీటర్ల మర. అంటే రెక్కలు తిరిగే చుట్టు అడ్డకొలత అంత. ఒక్కో రెక్క 1.2 మీటర్లు. 24 వోల్టుల బ్యాటరీకి.

జనరేటరు గురించి చెప్పేటప్పుడు కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఓర్చుకోండి. మనం కట్టే మోటార్లకు స్టాంపింగులు (పేర్చిన ఇనుప రేకులు) ఉంటాయి, వాటిలో తీగ పెట్టే స్లాట్లు ఉంటాయి, ప్రతి స్లాటులో పేపరు పెట్టి, తీగ దూర్చి, వెదురు ముక్క కొట్టి, వార్నిష్ పోసి, ఎండబెట్టి నానా తంటాలు. దీంట్లో అవేవీ లేవు. 10 మిల్లీమీటర్ల ఇనుప రేకుతో రెండు గుండ్రటి పళ్లాలు. ఒక్కో పళ్లెం మీద చుట్టూ 12 నియోడిమియం అయస్కాంతాలు, ఒకటి ఉత్తరం, పక్కది దక్షిణం, అట్లా మార్చి మార్చి. రెండు పళ్లాల మధ్య అప్పడంలా ఒక రెసిన్ బిళ్ల. ఆ బిళ్ల లోపల తొమ్మిది కాయిల్స్, మూడేసి కలిపితే ఒక ఫేజు. పళ్లాలు రెక్కలతో పాటు తిరుగుతాయి, బిళ్ల కదలదు. కాయిల్ లోపల ఇనుము లేదు కాబట్టి అయస్కాంతం ఎక్కడా పట్టి లాగదు. చిటికెన వేలితో తోస్తే తిరుగుతుంది. అందుకే ఊసురోమనే గాలికి కూడా కదులుతుంది. కారు ఆల్టర్నేటరు బిగిస్తే పోదా అని అంగటికి వచ్చిన ప్రతి మెకానిక్కూ అడిగాడు. అది చార్జింగు పట్టాలంటే నిమిషానికి వెయ్యి చుట్ల పైన తిరగాలి. మన రెక్కలు మామూలు గాలికి రెండొందలు, మూడొందలు తిరుగుతాయి. మధ్యలో గేర్లు పెడితే వచ్చే కాస్త గాలీ గేర్లు తిప్పడానికే సరిపోతుంది.

కాయిల్ చుట్టడం నాకు మంచినీళ్లు తాగినట్టు. తీగ చుట్టడానికి చెక్క ఫార్మా (అచ్చు) ఒకటి చేసుకుని, 16 గేజు ఎనామెల్ తీగతో కాయిల్‌కు 80 చుట్లు, తొమ్మిదీ ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి. మూడు కేజీల రాగి పట్టింది. మా అంగట్లో పిల్లవాడు ఒకడు ఒక కాయిల్‌ను ఎదురు చుట్టాడు. బిళ్ల పోత పోయకముందే దిక్సూచి పెట్టి చూసుకున్నా కాబట్టి బతికా. రెసిన్ గడ్డకట్టాక తెలిస్తే మొత్తం పారేయడమే.

నాకు కొత్త పని ఈ రెసిన్ పోత. పాలిస్టర్ రెసిన్, అందులో టాల్కం పొడి, పైనా కిందా ఫైబర్ గ్లాస్ గుడ్డ. దాన్ని గట్టిపరిచే హార్డనర్ రెండు శాతం అని రాసి ఉంది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు, బయట 41 డిగ్రీలు. స్కాట్లాండు ఆయన రాసిన లెక్క అనంతపురం ఎండకు సరిపోతుందా అన్న ఆలోచన నాకు రాలేదు. మగ్గులో కలిపి అచ్చు దగ్గరికి తెచ్చేలోపే బెల్లం పాకంలా సాగింది. ఇంకో నిమిషానికి మగ్గులోంచి పొగ. ప్లాస్టిక్ మగ్గు అడుగు మెత్తబడి కూర్చుంది. ఇంట్లో ఆమె వచ్చి చూసి, "నా మగ్గే దొరికిందా" అని ఒక్క మాటే అనింది. రెండోసారి తెల్లవారుజామున ఐదింటికి, హార్డనర్ సగానికి తగ్గించి, కొంచెం కొంచెంగా కలిపి పోశా. బిళ్ల అద్దంలా వచ్చింది. మన వైపు ఎవరు చేసినా రెసిన్ పని తెల్లవారుజామునే పెట్టుకోండి.

అయస్కాంతాలతో ఆటలొద్దు. రెసిన్ కంటే అవే ప్రమాదం. అరచేతిలో పట్టే బిళ్ల, 46 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 మందం. రెండు బిళ్లలు ఒకదానికొకటి అంటుకుంటే విడదీయడం చేతులతో అయ్యే పని కాదు. నేను ఆన్‌లైన్‌లో 26 తెప్పించా, రెండు చీలి వచ్చాయి. పంపినవాళ్లు మార్చిచ్చారు గానీ ఇరవై రోజులు తిప్పించుకున్నారు. రెండో పళ్లేన్ని మొదటి దాని మీదికి దించేటప్పుడు మూడు మరబోల్టులు పెట్టి, ఒక్కొక్క చుట్టు వదులుతూ నెమ్మదిగా దించాలని కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. నేను రెండు బోల్టులతో సరిపెట్టా. ఎడమ చేతి బొటనవేలు గోరు మూడు నెలలకు గానీ మళ్లీ మొలవలేదు. గోరుతో పోయింది, సంతోషం. వేలే పోయినవాళ్లున్నారంటే నమ్ముతా. ఇంకొకటి, మామూలు గ్రేడు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది, చల్లబడినా పోయిన బలం తిరిగి రాదు. కాబట్టి వేసవిలో వాటిని స్కూటరు డిక్కీలో పెట్టి తిప్పొద్దు, పళ్లేనికి దగ్గర్లో వెల్డింగు అసలే చేయొద్దు.

అన్నిటికీ బేరింగు కావాలి కదా. గుంతకల్లు రోడ్డులో తుక్కు అంగట్లో మారుతీ 800 వెనక చక్రం హబ్ దొరికింది. కొత్త బేరింగులు వేసి గ్రీజు పెడితే అయిపోయింది. రెండేళ్లలో దాని ముఖం మళ్లీ చూడలేదు. ఈ మొత్తం మరలో నేను పదికి పది మార్కులు వేసేది దానికొక్కదానికే.

ఇక రెక్కలు. నాకు బాగా నచ్చిన పనీ, చేతకాని పనీ ఇదే. మా ఊరి వడ్రంగి పెద్దాయనకు డెబ్బై దగ్గరపడ్డాయి. గుమ్మాలు, ఎద్దులబండ్ల కాడిమాన్లు చేసిన చెయ్యి. టేకు వాడదామని ఆయన, బరువు వద్దని నేను. తేలికగా ఉండాలి, చారలు నిలువుగా పోవాలి, కణుపులు ఉండకూడదు. చివరికి అనంతపురంలో పైన్ చెక్క, 125 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మందం ఉన్నవి ఏరుకుని తెచ్చాం. అంగటివాడు మమ్మల్ని పిచ్చోళ్లను చూసినట్టు చూశాడు. యాభై పలకలు తిరగేసి నాలుగు తీసుకున్నాం మరి.

"ఏమప్పా, ఇది మొదట్లో ఇంత వాలుగా ఉండాది, కొసకు పోయేకొద్దీ పలకబారిపోయె, తప్పు గీసినావేమో చూడు," అన్నాడు పెద్దాయన. తప్పు కాదు. బండి మీద పోతుంటే నెత్తిన పడాల్సిన వాన మొహాన కొడుతుంది చూడండి, అదే లెక్క. రెక్క కొస గాలి వేగానికి ఆరేడు రెట్లు పరిగెత్తుతుంది, అందుకని దానికి గాలి దాదాపు ఎదురుగానే తగులుతుంది. మొదలు దగ్గర రెక్క నెమ్మది, అక్కడ గాలి ముందు వైపు నుంచి వస్తుంది. కాబట్టి మొదట్లో వాలు ఎక్కువ, కొసన దాదాపు చదును. గాలికి ఎదురుగా ఉండే ముఖం సాపుగా, వీపు చేప వీపులా ఉబ్బెత్తుగా. ఉబ్బు అన్నిటికంటే ఎక్కువ ఉండే చోటు నడిమధ్య కాదు, ముందు అంచు నుంచి మూడోవంతుకు కాస్త ఇవతల. ఇంతా చెప్పాక పెద్దాయన ఒక్కసారి తల ఊపి, బాడిస పక్కన పెట్టి, ఉలి తీసుకున్నాడు.

ఆయన చేతిని చూస్తూ కూర్చోవడమే ఒక పని నాకు. ముందు రంపంతో అడుగడుక్కీ గాట్లు పెట్టాడు, ఒక్కో గాటు గీత వరకే. తర్వాత గాట్ల మధ్య చెక్కను ఉలితో లేపేశాడు. ఆ మెట్లను చిత్రికతో సాపు చేస్తుంటే పొట్టు జిలేబీ చుట్టల్లా రాలింది. చివర్లో కళ్లు మూసుకుని బొటనవేలు అంచు వెంబడి నడిపి "ఈడ ఉబ్బింది" అనేవాడు. వెర్నియర్ పెట్టి చూస్తే అర మిల్లీమీటరు తేడా ఉండేది.

అట్లాంటి చెయ్యి కూడా పొరపాటు పడింది. మూడో రెక్క ఎదురు చెక్కాడు. ఆయన తప్పు కాదు పాపం. తలుపు రెక్కలు రెండూ అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి ఎదురుంటాయి, జీవితమంతా అవే చేశాడు. గాలిమర రెక్కలు మూడూ ఒకే వైపు తిరగాలని నేను నోరు తెరిచి చెప్పలేదు. నాలుగో పలక ఉండబట్టి సరిపోయింది. ఆ ఎదురు రెక్క ఇప్పుడు ఆయన ఇంటి వసారాలో గోడకు వేలాడుతోంది.

రెక్కలకు అవిసె నూనె మూడు పూతలు పట్టించి, పైన పెయింటు వేశాం. మూడూ బిగించాక ఏది బరువుంటే అది కిందికి దిగి ఆగుతుంది. ఎదుటి వైపు సీసం ముక్కలు స్క్రూలతో బిగించి, ఎక్కడ వదిలితే అక్కడ నిలబడే దాకా సరిచేశాం. ఈ పనికి ఒక పూట పోతుంది, విసుగు పుడుతుంది. కానీ వదిలేస్తే స్తంభం ఊగి ఊగి ఎక్కడో ఒక వెల్డింగు తెంపుతుంది.

ఏడాది తిరిగాక దించి చూస్తే కొసల దగ్గర ముందు అంచు ఎలుకలు కొరికినట్టుంది. వాన కాదు, మా ఎర్ర దుమ్ము. అంత వేగంతో తిరిగే కొసకు దుమ్ము గరుకు కాగితమే. ఎపాక్సీ పూసి సాపు చేసి, అంచుకు మందపాటి ప్లాస్టిక్ టేపు వేశాం. రెండో ఏడాది బాగానే ఉంది. ప్రతి మే నెలలో రెక్కలు దించి చూసుకోవడం తప్పదు, ఆ ఓపిక లేనివాళ్లు ఈ జోలికి రావద్దు.

ఇప్పుడు మాడిన కథ. ఈ మరలో తెలివంతా తోకలో ఉంది. మర స్తంభానికి సరిగ్గా నడిమధ్యన కూర్చోదు, ఒక పక్కకు జరిపి ఉంటుంది. కాబట్టి గాలి తోసినప్పుడల్లా అది పక్కకు తిరిగిపోవాలని చూస్తుంది. తోక దాన్ని తిరగనివ్వకుండా ఆపుతుంది. తోక కీలు నిటారుగా కాకుండా వాలుగా వెల్డు చేస్తారు. గాలి మరీ ఎక్కువైతే మర పక్కకు తిరుగుతుంది, తోక మడుచుకుంటూ పైకి లేస్తుంది. గాలి తగ్గగానే తన బరువుకు తనే కిందికి జారి, మరను మళ్లీ గాలికి ఎదురు నిలబెడుతుంది. స్ప్రింగు లేదు, సర్క్యూట్ లేదు. తోక ఎంత బరువుంటే మర అంత పెద్ద గాలికి గానీ తప్పుకోదు. అంటే తోక బరువే ఫ్యూజు.

కాగితంలో చెప్పిన తోక నాకు ఆనలేదు. మా గాలికి ఆగుతుందా అనిపించింది. మందమైన పైపు వేసి, చివర ప్లైవుడ్ బదులు ఇనుప రేకు కొట్టా. ఫ్యూజు కట్టలో తీగ బదులు మేకు పెట్టినట్టు అన్నమాట. ఎవరైనా మోటారు అట్లా కాల్చుకుని వస్తే నేనే నాలుగు తిట్లు తిడతా. జూలై నెల ఒక సాయంత్రం గాలి హోరు. ఆంపియర్ మీటరు 30 దాటింది, 35, 40. నేను షెడ్డులో నిలబడి ఈల వేస్తున్నా. మర పక్కకు తప్పుకోవాల్సింది, తోక కదలడం లేదు. 45 చూపించింది. పది నిమిషాలకు ఒక వాసన. మాడిన ఎనామెల్ వాసన నాకు అంగట్లో రోజూ తెలిసిందే. ఆకాశం నుంచి రావడం మాత్రం అదే మొదలు.

మూడు ఫేజులూ కలిపి షార్టు చేస్తే మర ఆగాలి. అదే దాని బ్రేకు. కానీ కాయిల్స్ మాడాక, అంత గాలిలో, అది పూర్తిగా ఆగలేదు. రాత్రంతా భయంభయంగా కూర్చుని, తెల్లవారుజామున గాలి తెరిపిచ్చినప్పుడు స్తంభం దించాం. బిళ్ల విప్పితే తొమ్మిది కాయిల్స్‌లో ఆరు కాఫీ రంగు. కొత్త బిళ్లకు రాగి, రెసిన్ కలిపి రూ. 6,800 అయింది. తోకను కాగితంలో రాసినట్టే మళ్లీ చేశా. ఇప్పుడు 28 ఆంపియర్లు దాటగానే మర తల పక్కకు తిప్పుకుంటుంది, దాటనివ్వదు. గాలిలో అది ముఖం తిప్పుకుని, మళ్లీ ఎదురు తిరగడం చూస్తుంటే పొగరు ఎద్దులా ఉంటుంది.

స్తంభం గురించి ఎక్కువ చెప్పను. మూడంగుళాల జీఐ పైపు, 12 మీటర్లు, నాలుగు వైపులా స్టే వైర్లు, కాంక్రీటు దిమ్మెలు. కింద మడతబందు పెట్టి, చైన్ కప్పీతో లేపి దించుకునేటట్టు. ఎక్కాల్సిన పని లేదు. మిద్దె మీద పెడితే పైపు ఖర్చు తప్పుతుంది కదా అని అందరూ అడుగుతారు. ఇళ్ల మీద గాలి సుళ్లు తిరుగుతుంది, మరకు అది పనికిరాదు. పైగా మిద్దె అంతా మృదంగంలా మోగుతుంది, కింద పడుకున్నవాళ్లకు నిద్ర ఉండదు. చుట్టూ ఉన్న చెట్టూ గోడా అన్నిటికంటే మర ఇంచుమించు ముప్పై అడుగుల ఎత్తున ఉండాలి. నా చీనీ చెట్లు పొట్టివి, అది నా అదృష్టం.

లెక్క చెప్తా. మర వరకు అయస్కాంతాలు 11,500, రాగి 3,200, రెసిన్ సామాను 4,200, ఇనుము, లేతు పని 6,500, హబ్, బేరింగులు 1,800, చెక్క 2,400, రంగు, నూనె 600. మొత్తం రూ. 30,200. స్తంభం, స్టేలు, దిమ్మెలు 19,000. రెండు ట్యూబులర్ బ్యాటరీలు 31,000. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, కంట్రోలరు, కేబులు, బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటును కాల్చేసే హీటర్ కాయిల్, ఇవన్నీ 9,500. కలిపితే 89,700. మాడిన బిళ్ల వేరే. వడ్రంగి పెద్దాయన కూలి ఇందులో లేదు, ఆయన డబ్బు తీసుకోలేదు. ఆయన ఇంటి బోరు మోటారు నా ప్రాణం ఉన్నంతవరకు ఉచితంగా కడతానని మాటిచ్చా.

దీనికి వచ్చింది ఎంత? మీటరు పెట్టి రాసుకున్నా, తోక సరిచేశాక పన్నెండు నెలలు. జూన్‌లో 66 యూనిట్లు, జూలైలో 81, ఆగస్టులో 74, సెప్టెంబరులో 43. ఆ నాలుగు నెలలకు 264. మిగతా ఎనిమిది నెలలూ కలిపి 140. నవంబరులో అయితే నెలంతా 9 యూనిట్లు, సిగ్గుచేటు. గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలన్నారు పెద్దలు, ఈ మర సంగతీ అంతే. గాలి వేగం రెట్టింపయితే అందులో ఉండే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి జూలైకి, నవంబరుకి ఇంత తేడా.

డబ్బు లెక్కనే చూస్తే సోలారు గెలుస్తుంది, వాదన లేదు. నేను తర్వాత పెట్టిన రెండు ప్యానెళ్లకు రూ. 28,000 అయింది. కిలోవాటు సోలారు మా ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు సులభంగా ఇస్తుంది, అంటే ఏడాదికి ఈ మరకు మూడు రెట్ల పైనే. కదిలే భాగం లేదు, గ్రీజు లేదు, గోరు ఊడదు. మరి మర ఎందుకు? శనక్కాయకు పందులు వచ్చే నెలలూ, మా గాలి నెలలూ ఒకటే కాబట్టి. మబ్బు పట్టిన వారం రోజులు ప్యానెళ్లు బ్యాటరీని సగం కూడా నింపలేదు. మర రాత్రింబగళ్లు తిరిగి నింపింది. ఆ నాలుగు నెలలు నాకు రెండూ కావాలి. ఒక్కటే కొనగలిగితే కళ్లు మూసుకుని సోలారు కొనండి.

రెడీమేడ్ చిన్న మరల గురించి ఒక మాట. మా బావమరిది ఆన్‌లైన్‌లో "1000 వాట్లు" అని రాసి ఉన్నది ఒకటి తెప్పించాడు. ప్లాస్టిక్ రెక్కలు, చుట్టు అడ్డకొలత 1.2 మీటర్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. లెక్క వేసి చూపించా. సెకనుకు 5 మీటర్ల గాలిలో అంత చుట్టు గుండా పోయే శక్తే 80 వాట్లు. దాంట్లో 59 శాతానికి మించి ఏ మరా తీయలేదు, ఇది బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే లెక్కగట్టిన సంగతి. అంటే 47 వాట్లు, అదీ దేవుడే వచ్చి చేస్తే. వెయ్యి వాట్లు రావాలంటే గంటకు 60 కిలోమీటర్ల గాలి ఆగకుండా వీయాలి. అట్లాంటి గాలిలో బావమరిది తోటలో ఉండడు, ఇంట్లో తలుపు వేసుకుని ఉంటాడు. పెట్టె మీద రాసిన వాట్లు చూడకండి, టేపు తీసుకుని రెక్కలు కొలవండి. నా 2.4 మీటర్ల చుట్టు దానికి నాలుగు రెట్ల వైశాల్యం, అయినా ఆ 5 మీటర్ల గాలికి నాకు వచ్చేది 80 వాట్ల దగ్గరే.

చప్పుడు సంగతి అడిగారు కొందరు. మామూలు గాలికి రెక్కలు చీర ఆరేసినప్పుడు రెపరెపలాడినంతే. జోరు గాలికి తోక లేచి దిగేటప్పుడు 'టక్' మంటుంది. మొదట్లో ఉలిక్కిపడేవాణ్ణి. కీలు దగ్గర రబ్బరు ముక్క పెట్టాక తగ్గింది. కేబులు స్తంభం లోపల మెలిపడుతుందేమోనని కూడా భయపడ్డా. ఏడాదిన్నరలో ఒకేసారి కింద ప్లగ్గు పీకి విప్పాల్సి వచ్చింది.

నన్ను అడిగిన ఇద్దరిలో ఒకాయనది ఉరవకొండలో మిద్దె ఇల్లు. చుట్టూ మూడంతస్తుల ఇళ్లు. వద్దని చెప్పేశా, ఆయనకు కోపం వచ్చింది, నాకు చేయడం ఇష్టం లేదనుకున్నాడు. రెండో ఆయనది వజ్రకరూరు దాటాక గుట్ట మీద గొర్రెల దొడ్డి. లైను లేదు, వచ్చే దారీ లేదు, చెట్టు లేదు, గాలి మాత్రం చెవులు చిల్లులు పడేటట్టు. కేజీకి ఇంతని రాగి ఖర్చు, అయస్కాంతాల ఖర్చు ఆయనే పెట్టుకుంటాడు, పనికి నాకు రెండు పొట్టేళ్లు.

పైన్ పలకలు పోయిన ఆదివారం వచ్చాయి, ఈసారి ఐదు. వడ్రంగి పెద్దాయన రంపం ముట్టకముందే పలకలన్నీ వరుసగా పరిచి, చెవి మీది పెన్సిలు తీసి, ఒక్కోదాని మీద ఒకే వైపుకు ఇంత పొడవు బాణం గుర్తు వేసుకున్నాడు.